బీపీటీ ఇంటర్న్‌షిప్ అయిపోతోంది: వైజాగ్‌లోనే ఎంపీటీ చేయాలా, అమెరికా డీపీటీకి వెళ్లాలా?

గాజువాక_అల | జనవరి 11, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. మాది గాజువాక. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) నాలుగేళ్లూ అయ్యాయి, ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌లో ఇంకో రెండు నెలలు మిగిలాయి. ఇంట్లో రోజూ ఒకటే మాట, తర్వాత ఏంటని. నాన్న స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు కింద పనిచేస్తారు. తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు. అంటే నా చదువుకి పెట్టే ప్రతి రూపాయీ వాడి చదువు పక్కన పెట్టి చూసుకోవాల్సిందే.

మా పెద్దమ్మ కొడుకు డాలస్‌లో ఉంటాడు. అక్కడ ఫిజికల్ థెరపిస్టులకి మంచి గిరాకీ ఉంది, అక్కడి డాక్టరేట్ చదువు డీపీటీ చేసెయ్ అంటాడు. ఇక్కడ ఒక కన్సల్టెన్సీకి వెళ్తే, ఏడాది ఆన్‌లైన్ డీపీటీ చేస్తే చాలు, లైసెన్సు దానంతటదే వస్తుందని చెప్పి అడ్వాన్సు అడిగారు. కాలేజీలో సీనియర్లేమో ముందు ఎంపీటీ, అంటే ఫిజియోథెరపీలో పీజీ, చెయ్యమంటున్నారు. నాకు న్యూరో, అంటే మెదడు, నరాల జబ్బుల శాఖ ఇష్టం. పక్షవాతం వార్డులో పోస్టింగు ఉన్న రోజు ఇంటికెళ్లాలనిపించదు.

అడ్వాన్సు ఇంకా కట్టలేదు. ఈ దారిలో నడిచినవాళ్లు ఎవరైనా ఉన్నదున్నట్టు చెప్పండి.

ఉప్పుగాలి | జనవరి 11, రాత్రి 11:05

అల, కట్టకమ్మా. ముందు ఆ మాట చెప్పి మిగతాది మొదలుపెడతాను.

నేను ఎంపీటీ న్యూరో. తొమ్మిదేళ్లుగా వైజాగ్‌లోనే ఆసుపత్రి ఉద్యోగం. ఎంపీటీ అంటే రెండేళ్లు. ఆర్థో, న్యూరో, కార్డియో రెస్పిరేటరీ, స్పోర్ట్స్, పీడియాట్రిక్స్ లాంటి వాటిలో ఒకటి ఎంచుకుంటాం. కాలేజీని బట్టి ఏ శాఖలు ఉంటాయో మారుతుంది కాబట్టి నీకు కావలసిన శాఖ ఉందో లేదో చూసుకుని దరఖాస్తు పెట్టు. సీటు వచ్చింది కదా అని న్యూరో ఇష్టమైన పిల్ల ఇంకో శాఖలో చేరితే ఆ రెండేళ్లు చాలా పొడుగ్గా ఉంటాయి.

బీపీటీలో మనం ఏం చెయ్యాలో నేర్చుకుంటాం. ఇదే రోగికి ఇది ఎందుకు, ఇప్పుడే ఎందుకు అన్నది నాకు ఎంపీటీలోనే తెలిసింది. మొదటి నెలలో మా గైడ్ మేడమ్ ఒక పేషెంటు దగ్గర నన్ను నిలబెట్టి, ఏమీ ముట్టుకోకుండా పదిహేను నిమిషాలు చూడమన్నారు. అతను మంచం మీద లేచి కూర్చుంటున్నాడు, నీళ్లు తాగుతున్నాడు, దుప్పటి సర్దుకుంటున్నాడు. తర్వాత అడిగారు, ఎడమ పిరుదు మీద బరువు పడిందా, గ్లాసు అందుకోవడానికి నడుము ముందు కదిలిందా, చెయ్యి ముందు కదిలిందా అని. నేను ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయాను. నాలుగేళ్లు చదివి కూడా చూడటం రాలేదని ఆ రోజు తెలిసింది. అది నేర్పే మనిషి ఉన్న చోట చేరు. భవనాన్ని చూసి చేరకు.

ఎడిసన్_సూర్య | జనవరి 12, ఉదయం 7:48

నేను వైజాగ్‌లో బీపీటీ చేసి, ఇప్పుడు న్యూజెర్సీలో లైసెన్సుతో పనిచేస్తున్నాను. ఆ కన్సల్టెన్సీ వాళ్లు రెండు వేర్వేరు చదువుల్ని ఒకటిగా కలిపి చెప్పారు. ఇది విడదీసి తెలుసుకోవాలి, అల గారూ.

ఒకటి ఎంట్రీ లెవెల్ డీపీటీ. అమెరికా పిల్లలు డిగ్రీ అయ్యాక చేసే చదువు ఇది. దాదాపు మూడేళ్లు. క్యాప్టే అనే సంస్థ గుర్తింపు ఇస్తుంది. 2016 జనవరి నుంచి అక్కడ ఫిజికల్ థెరపిస్టును తయారుచేసే ప్రతి కోర్సూ డాక్టరేట్ స్థాయిలోనే ఉండాలని ఆ సంస్థే నియమం పెట్టింది. దరఖాస్తు ఎక్కువగా పీటీక్యాస్ అనే ఒకే పోర్టల్ ద్వారా. అనాటమీ, ఫిజియాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, సైకాలజీ లాంటివి ముందే చదివి ఉండాలంటారు. కోర్సులో కనీసం 30 వారాలు పూర్తికాలం క్లినికల్ పోస్టింగు. ఫీజు చాలాచోట్ల మొత్తం కలిపి లక్ష డాలర్లు దాటుతుంది.

రెండోది ట్రాన్సిషనల్ డీపీటీ, లేదా పోస్ట్ ప్రొఫెషనల్ డీపీటీ. ఇది అప్పటికే ఫిజియోథెరపిస్టులైన వాళ్లు చేసే చదువు. ఆన్‌లైన్‌లోనూ ఉంటుంది. జ్ఞానం వస్తుంది, పేరు పక్కన డిగ్రీ వస్తుంది. లైసెన్సు మాత్రం దీనివల్ల రాదు. మీకు చూపించింది ఇదే.

బయటి దేశంలో చదివినవాళ్లకి లైసెన్సు దారి వేరు. మన బీపీటీ చదువు అక్కడి చదువుకి సమానమా కాదా అని ముందు తూకం వేస్తారు. ఎఫ్‌సీసీపీటీ అనే సంస్థ ఆ పని ఎక్కువగా చేస్తుంది. సబ్జెక్టులు, గంటలు, క్లినికల్ అన్నీ క్రెడిట్లుగా మార్చి, కోర్స్‌వర్క్ టూల్ అనే కొలతతో సరిచూస్తారు. టోఫెల్ రాయాలి. తర్వాత ఎన్‌పీటీఈ అనే లైసెన్సు పరీక్ష. 200 నుంచి 800 స్కేలులో 600 వస్తే పాస్. ఏడాదికి నాలుగు సార్లే, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరుల్లో పెడతారు. పన్నెండు నెలల్లో మూడుసార్లకి మించి రాయనివ్వరు, జీవితం మొత్తంలో ఆరుసార్లు. ఇవన్నీ అయ్యాక మీరు ఎంచుకున్న రాష్ట్రం బోర్డు నియమాలు వేరేగా ఉంటాయి.

తూకంలో ఎవరికైనా తక్కువలు రావచ్చు. నాకూ వచ్చాయి.

బీపీటీ_సెకండియర్ | జనవరి 12, ఉదయం 9:15

సూర్య అన్నా, తక్కువలు ఏ సబ్జెక్టుల్లో వచ్చాయి? మాకు ఇప్పుడు బయోమెకానిక్స్, ఎలక్ట్రోథెరపీ నడుస్తున్నాయి. ముందే తెలిస్తే జాగ్రత్త పడతాం.

అనకాపల్లి_నాన్న | జనవరి 12, ఉదయం 11:30

మా అబ్బాయి కూడా బీపీటీ మూడో ఏడు. తండ్రిగా నాకో సందేహం. అమెరికాలో ఈ చదువు చదివితే డాక్టర్ అంటున్నారు. మన దగ్గర వీళ్లు పేరు ముందు డాక్టర్ పెట్టుకోవచ్చా? ఊళ్లో చుట్టాలు అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియడం లేదు. ఎంపీటీ ఖర్చు కూడా ఎవరైనా చెప్పండి బాబూ.

పెదవాల్తేరు_పీటీ | జనవరి 12, మధ్యాహ్నం 2:10

నేను ఎంపీటీ చేయలేదు. పన్నెండేళ్లుగా సొంత క్లినిక్, ఇంటికెళ్లి చేసే విజిట్లు. పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ, ఆరిలోవ అంతా బండి మీద తిరుగుతాను. అందుకే ఇంకో వైపు నుంచి చెప్తాను.

ఇళ్లలోకి వెళ్తే పుస్తకంలో లేనివి ఎదురవుతాయి. బ్యాలెన్స్ కొలవడానికి మనం బెర్గ్ స్కేలు వాడతాం కదా, 14 పనులు, ఒక్కోదానికి 4 చొప్పున 56 మార్కులు. ఆ పద్నాలుగింట్లో నేలమీద కూర్చుని లేవడం లేదు, గొంతుక్కూర్చోవడం లేదు. కానీ మన పెద్దావిడకి పూజ చెయ్యాలంటే నేలమీద కూర్చోవాలి. ఊళ్లో ఇంట్లో ఉన్నది నేల మరుగుదొడ్డే. 50 మార్కులు వచ్చినావిడ పీట మీద నుంచి లేవలేక పూజగదిలో గంటసేపు అలాగే ఉండిపోయింది, కొడుకు ఆఫీసు నుంచి వచ్చేదాకా. ఆ రోజు నుంచి నా అసెస్‌మెంట్ కాగితంలో మా వైపు వాళ్లకి కావలసిన మూడు పనులు అదనంగా రాసుకున్నాను. నేలమీద కూర్చుని లేవడం, గొంతుక్కూర్చోవడం, ఆటో మెట్టు ఎక్కడం.

ఎంపీటీ చేసినవాళ్లు ఇలాంటివి పరిశోధనగా తీసుకుంటే ఎంత బావుంటుందో. నాకు ప్రశ్న ఉంది, దాన్ని పద్ధతిగా పరీక్షించే చదువు లేదు. ఎంపీటీ చేయలేదని నాకున్న బాధ అదొక్కటే. సంపాదనకి లోటేం రాలేదు.

క్రికెట్_మోకాలు | జనవరి 12, సాయంత్రం 6:45

అందరూ ఎంపీటీ ఎంపీటీ అంటున్నారు. నా సంగతి వినండి. బీపీటీ కాగానే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నెలకి 12 వేలకి చేరాను. ఎంపీటీ స్పోర్ట్స్ చేసి వచ్చాక ఇంకోచోట 19 వేలు ఇస్తామన్నారు. రెండేళ్ల ఫీజు, రెండేళ్లు పోయిన జీతం కలిపి లెక్కేస్తే ఆ ఏడు వేల తేడా ఎప్పటికి పూడుతుంది? అల లాంటి అమ్మాయికి ఇంటి పరిస్థితి చూసి చెప్పాలి. ఇష్టం ఒక్కటే సరిపోదు. మా నాన్న ఫీజు కోసం పొలం తాకట్టు పెట్టారు. విడిపించడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

ఉప్పుగాలి | జనవరి 12, రాత్రి 9:00

తమ్ముడూ, నీ లెక్క తప్పని అనను. మా బ్యాచిలో ఇద్దరు ఎంపీటీ చేసి ఈ వృత్తి వదిలేశారు. ఒక్కటి కలుపుతాను. నువ్వు జీతం లెక్క వేశావు, ఎంపీటీతో తెరుచుకునే తలుపులు కూడా లెక్కలో వెయ్యి. కాలేజీలో పాఠం చెప్పాలంటే ఎంపీటీ కావాలి. పెద్దాసుపత్రుల్లో న్యూరో రిహాబ్, ఐసీయూ యూనిట్లలో బాధ్యత ఇవ్వాలంటే ముందు అదే చూస్తారు. ఆ తలుపు అవసరం లేనివాళ్లకి రెండేళ్లు ఖర్చే, నిజమే. పొలం తాకట్టు పెట్టి మాత్రం ఎవరూ చేరవద్దు. ఇది నేను మనసారా చెప్తున్నాను. ఏడాది పనిచేసి, కొంత దాచుకుని, ఏ శాఖో తేల్చుకుని చేరినవాళ్లే మా క్లాసులో బాగా చదివారు.

అనకాపల్లి నాన్నగారూ, ఫీజు కాలేజీని బట్టి, కన్వీనరు కోటానా మేనేజ్‌మెంటు కోటానా అన్నదాన్ని బట్టి మారుతుంది. విజయవాడ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్ వచ్చినప్పుడు అందులో రాసింది మాత్రమే నమ్మండి. ఫోన్లో ఎవరో చెప్పింది నమ్మకండి. డాక్టర్ మాట సంగతి మాస్టారు చెప్తే బావుంటుంది, ఆయన ఈ వేదికలోనే ఉన్నారు.

పాతబోర్డు_మాస్టారు | జనవరి 13, ఉదయం 5:50

పిలిచారు కాబట్టి వచ్చాను. ముప్పై ఏళ్లు ఈ పాఠాలే చెప్పాను.

మన వృత్తికి ఇన్నేళ్లూ దేశం మొత్తానికి ఒక చట్టం లేదు. 2021లో అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. దాని కింద 2025లో కొత్త పాఠ్యప్రణాళిక వెలువడింది. బీపీటీ ఐదేళ్లు అవుతుంది, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్. అల వాళ్లది పాత నాలుగున్నరేళ్ల పద్ధతి. పేరు ముందు డాక్టర్, చివర పీటీ అని రాసుకోవచ్చని ఆ ప్రణాళికలో ఉంది. 2025 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ దానికి అభ్యంతరం చెబుతూ ఉత్తరం ఇచ్చి, వెంటనే వెనక్కి తీసుకుంది. నాన్నగారూ, మీ చుట్టాలకి ఇలా చెప్పండి. మావాడు ఫిజియోథెరపిస్టు, మందు రాయడు, కోత కొయ్యడు, మంచాన పడ్డ మనిషిని లేపి నడిపిస్తాడు అని. అర్థం కానివాళ్లు ఉండరు.

చరిత్ర ఒక్క ముక్క చెప్తాను, అలకి పనికొస్తుంది. అమెరికాలో ఈ వృత్తి మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులకి సేవ చేసిన ఆడవాళ్లతో నిలదొక్కుకుంది. 1921లో వాళ్లే సంఘం పెట్టుకున్నారు, మేరీ మెక్‌మిలన్ మొదటి అధ్యక్షురాలు. మన దేశంలో పోలియో తెచ్చింది. 1950ల మొదట్లో బొంబాయిలో పోలియో విజృంభించాక 1953లో అక్కడ కేఈఎం ఆసుపత్రిలో మొదటి శిక్షణ పాఠశాల పెట్టారు. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ (వైల్డ్) పోలియో వైరస్ కేసు లేదు. 2014లో పోలియో లేని దేశంగా గుర్తింపు వచ్చింది. నేను చేరిన కొత్తలో కాళ్లకి ఆసరాగా క్యాలిపర్లు వేసుకున్న పిల్లలతో మా గది నిండి ఉండేది. ఇప్పుడు ఆ గదిలో షుగరు, బీపీ తెచ్చిన పక్షవాతాలు, మోకాళ్లు మార్పించుకున్నవాళ్లు, రోడ్డు ప్రమాదాలు. రోగం మారిన ప్రతిసారీ మా చదువు మారింది. అందుకని ఇప్పుడు పెరుగుతున్న శాఖ ఏదో చూసుకుని చేరమంటాను. న్యూరో మంచి ఎంపిక తల్లీ.

ఎడిసన్_సూర్య | జనవరి 13, ఉదయం 8:20

మాస్టారూ, నమస్కారం. మీ దగ్గర కీళ్ల వంపు కొలిచే గోనియోమీటరు పట్టుకోవడం నేర్చుకున్నవాళ్లలో నేనొకణ్ని అనుకుంటున్నాను.

సెకండియర్ తమ్ముడూ, నీ ప్రశ్నకి. నాకు తక్కువ వచ్చినవి ఎక్కువగా రోగనిర్ధారణ వైపు, ఫిజియోథెరపీలో నిర్వహణ, చట్టం, నీతి లాంటి వాటి వైపు. కారణం అర్థం చేసుకుంటే నీకే తెలిసిపోతుంది. అమెరికాలో మొత్తం 50 రాష్ట్రాల్లో రోగి డాక్టరు చీటీ లేకుండా ఏదో ఒక మేరకు నేరుగా మన దగ్గరికి రావచ్చు. అంటే నడుంనొప్పి అని వచ్చినాయన ముందు కూర్చున్నది నువ్వే, నీకంటే ముందు ఎవరూ చూడలేదు. అతనికి కూర్చునే చోట తిమ్మిరి, మూత్రం ఆగకపోవడం ఉన్నాయా అని అడగకపోతే, వెన్నుపాము చివరి నరాలు నలుగుతున్న మనిషికి నువ్వు నొప్పి తగ్గించే కరెంటు మెషీను ఐఎఫ్‌టీ పెడుతుంటావు. గంటల్లో ఆపరేషన్ అవసరమైన స్థితి అది. అందుకే అక్కడి చదువులో ఎవరిని ముట్టుకోకూడదు, ఎవరిని వెంటనే పంపెయ్యాలి అన్నది ముఖ్యం. ఎన్‌పీటీఈ ప్రశ్నలూ అలాగే ఉంటాయి. నాలుగు జవాబులూ సరైనవే అనిపిస్తాయి, ముందు ఏది చేస్తావు అని అడుగుతారు. మన దగ్గర మెషీన్ల మీద ఎక్కువ గంటలు చదువుతాం. ఎలక్ట్రోథెరపీ బాగా చదువు, వదలొద్దు. దాంతోపాటు మెడిసిన్, సర్జరీ క్లాసుల్లో నిద్రపోవద్దు.

ఇక అల గారికి డబ్బు, వీసా సంగతి. డీపీటీ సైన్సు, టెక్నాలజీ చదువుల స్టెమ్ జాబితాలో లేదు, కాబట్టి చదువయ్యాక పనికి ఒక్క ఏడాదే దొరుకుతుంది. ఫిజికల్ థెరపిస్టులు షెడ్యూల్ ఎ లో, అంటే మనుషుల కొరత ఉందని ముందే గుర్తించిన ఉద్యోగాల జాబితాలో ఉంటారు. గ్రీన్‌కార్డుకి అడుగు పెట్టేటప్పుడు స్థానికులు దొరకలేదని చూపించే కార్మిక శాఖ పరిశీలన తప్పుతుంది, అది మేలు. కానీ భారతదేశంలో పుట్టినవాళ్ల వరుస చాలా పొడుగు, ఏళ్లకి ఏళ్లు. 2025 సెప్టెంబరులో బయటి నుంచి కొత్తగా పెట్టే హెచ్1బీ దరఖాస్తులకి లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. చిన్న క్లినిక్ ఏదీ అంత కట్టి మనిషిని తెచ్చుకోదు. మీ అన్నయ్య చెప్పిన గిరాకీ నిజమే. గిరాకీకీ గుమ్మానికీ మధ్య ఇవన్నీ ఉన్నాయి.

ఆరునిమిషాలు | జనవరి 13, రాత్రి 8:35

నేను ఇప్పుడు ఎంపీటీ కార్డియో రెస్పిరేటరీ రెండో ఏడు, ఇక్కడే. థీసిస్ అంటే ఎలా ఉంటుందో చెప్తాను, ఎవరూ చెప్పరు కాబట్టి.

నాది గుండె ఆపరేషన్ అయినవాళ్లకి నడక శిక్షణ మీద. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తారో కొలవాలి. దానికి 30 మీటర్ల తిన్నని వసారా కావాలని ప్రమాణం. మా బ్లాకులో 30 మీటర్లు ఉంది గానీ, స్ట్రెచర్లు, ఆక్సిజన్ సిలిండర్లు, నేలమీద పడుకున్న బంధువులు. ఆరున్నరకి ముందే వెళ్లి, టేపుతో కొలిచి, రెండు చివర్లా ఎర్ర కోన్లు పెట్టి, మూడు మూడు మీటర్లకి సుద్దముక్కతో గీతలు గీసేదాన్ని. తుడిచే అక్క గీతలు రోజూ తుడిచేసేది. నాలుగో రోజు నుంచి ఆవిడే, నీ గీతలు ఉంచేశానమ్మా, పక్కనుంచి తుడిచాను అనేది.

ఒకాయన మొదటి రోజు 140 మీటర్లు నడిచి గోడకి ఆనుకుని నిలబడిపోయారు. ఆరు వారాల తర్వాత 390. కాగితం మీద అవి రెండు అంకెలే. ఆయన మాత్రం నా టేపు తీసుకుని రెండోసారి తనే కొలిచారు.

పద్ధతి గురించి రెండు మాటలు. అంశం మొదటి ఏడాది మొదట్లోనే తేల్చుకోండి. ఎథిక్స్ కమిటీ అనుమతి రాకుండా ఒక్క రోగిని కూడా చేర్చుకోకూడదు. క్లినికల్ ట్రయల్ అయితే మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో మొదటి రోగి కంటే ముందే నమోదు చెయ్యాలి, తర్వాత చేస్తామంటే ఒప్పుకోరు. నా స్నేహితురాలికి ఇది ఆలస్యంగా తెలిసి మొదటి 11 మంది రోగుల లెక్క పనికిరాకుండా పోయింది. వ్యాసాలు వెతకడానికి పెడ్రో అనే డేటాబేస్ ఉచితం, ఫిజియోథెరపీ పరిశోధనలకే ప్రత్యేకం. బీపీటీ పిల్లలు కూడా ఇప్పటినుంచే చూడొచ్చు.

గాజువాక_అల | జనవరి 14, రాత్రి 9:50

పండగ పనుల్లో కూడా ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. రెండుసార్లు చదివాను, నాన్నకి కూడా చదివి వినిపించాను.

ఇవాళ వార్డులో ఒకటి జరిగింది, చెప్పాలనిపిస్తోంది. భీమిలి దగ్గర వేటకెళ్లే ఒకాయన, యాభై దాటాయి, కుడివైపు పక్షవాతం. రెండు వారాలైంది. భార్య ఆయన్ని లేపడానికి పడిపోయిన కుడిచేతినే పట్టుకుని లాగుతోంది. భుజం దగ్గర వేలు పెట్టి చూస్తే ఎముక గుండ్రంగా కిందికి జారి, పైన ఖాళీ ఉంది. ఆయన పళ్లు బిగబట్టి ఊరుకుంటున్నాడు. లాగకూడదమ్మా అంటే ఆవిడ, ఏటమ్మా, లాగకపోతే ఎలగ లెగుత్తాడు, నానొక్కదాన్నే కదా అంది. ఆవిడ మాటలో తప్పేముంది? ఎవరూ చూపించలేదు. మోకాళ్లు వంచి పాదాలు వెనక్కి పెట్టించడం, ఒక చెయ్యి రెక్క ఎముక వెనక, ఇంకోటి నడుం దగ్గర, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకి వంచి అప్పుడు లేపడం, మూడుసార్లు నేను చేసి చూపించాను, నాలుగోసారి ఆవిడే చేసింది. ఆయన లేచి నిలబడి, ఇప్పుడు సెయ్యి నొప్పెట్టలేదే అన్నాడు. రెండు వారాల్లో ఆయన నాతో అన్న మొదటి పూర్తి వాక్యం అది.

ఉప్పుగాలి మేడమ్, మీరన్న చూడటం నాకు ఎక్కడ నేర్పుతారో అక్కడికే వెళ్లాలని ఉంది. క్రికెట్ అన్న లెక్క కూడా మర్చిపోలేదు. ఏడాది ఇక్కడే పనిచేసి, వచ్చే ఏడాది ఎంపీటీ న్యూరో అనుకుంటున్నాను. సూర్య అన్నా, మరి అమెరికా తలుపు పూర్తిగా మూసేసుకున్నట్టేనా? ఎంపీటీ చేస్తే ఆ తూకంలో ఏమైనా కలుస్తుందా?

ఎడిసన్_సూర్య | జనవరి 15, ఉదయం 6:30

సంక్రాంతి శుభాకాంక్షలు. మూసుకున్నట్టు కాదు. ఎంపీటీలో చదివిన సబ్జెక్టులు, క్లినికల్ గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. నా తక్కువల్లో కొన్ని అలాగే పూడాయి. అయితే ఒక పని మాత్రం ఇప్పుడే చెయ్యండి, నేను చెయ్యక ఏడాదిన్నర పోగొట్టుకున్నాను.

మీరు చదివిన ఏడాదుల సిలబస్, సబ్జెక్టువారీగా థియరీ గంటలు, ప్రాక్టికల్ గంటలు, క్లినికల్ గంటలు విడివిడిగా ఉన్న పుస్తకం కాలేజీ నుంచి సంతకం, ముద్రతో తీసుకోండి. ఇంటర్న్‌షిప్ లాగ్‌బుక్ ప్రతి పేజీ స్కాన్ చేసుకోండి. ఏ వార్డులో ఎన్ని వారాలు, ఎవరి పర్యవేక్షణలో అని సర్టిఫికెట్‌లో విడిగా రాయించుకోండి, ఆరు నెలల ఇంటర్న్‌షిప్ పూర్తి అని ఒక్క లైనుతో వదిలెయ్యనివ్వకండి. నేను ఏడేళ్ల తర్వాత అడిగేసరికి సిలబస్ మారిపోయింది, ఆఫీసులో పాత కాపీ లేదు, నాకు పాఠం చెప్పిన సార్లు వేరే ఊళ్లకి వెళ్లిపోయారు. ట్రాన్స్‌క్రిప్టులు యూనివర్సిటీ నుంచి మూల్యాంకన సంస్థకి నేరుగా వెళ్లాలి, మనం చేత్తో తీసుకెళ్లి ఇచ్చేది చెల్లదు. దానికీ సమయం పడుతుంది.

ఈ కాగితాలు బ్రిటన్‌కీ ఆస్ట్రేలియాకీ కూడా పనికొస్తాయి. బ్రిటన్‌లో హెచ్‌సీపీసీ అనే సంస్థ మీ చదువు, అనుభవం చూసి రిజిస్ట్రేషన్ ఇస్తుంది, అమెరికాలా పెద్ద పరీక్ష లేదు. ఆస్ట్రేలియాలో రాత పరీక్ష, రోగి ముందు చేసే పరీక్ష ఉంటాయి.

పెదవాల్తేరు_పీటీ | జనవరి 15, మధ్యాహ్నం 1:20

అల, ఏడాది పనిచేస్తానన్నావు కదా. వారానికి రెండు రోజులు నాతో హోమ్ విజిట్లకి రా. డబ్బులిస్తాను, ఊరికే తిప్పుకోను. ఆ భీమిలి ఆయన డిశ్చార్జ్ అయ్యాక ఆ ఇంట్లో గడప ఎంత ఎత్తుందో, మంచం ఎంత ఎత్తుందో ఎవరో ఒకరు చూడాలి. ఫోన్ నంబరు ఇక్కడ పెట్టను, వేదికలో మెసేజ్ పెట్టు.

క్రికెట్_మోకాలు | జనవరి 15, సాయంత్రం 4:05

నేను చెప్పింది నిరుత్సాహపెట్టడానికి కాదు చెల్లీ, ఇంకొకరి ఇంట్లో పొలం తాకట్టు పడకూడదని. కొన్నాళ్లు పనిచేసి చేరతానన్నావు, బావుంది. ఆఫర్ లెటర్ చేతికి రాకుండా ఎక్కడా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వకు. నా మొదటి ఉద్యోగంలో తీసుకుని, మానేస్తానన్నప్పుడు మూడు నెలలు తిప్పించారు.

గాజువాక_అల | జనవరి 19, రాత్రి 8:15

పండగ సెలవులయ్యాక ఇవాళ కాలేజీ ఆఫీసుకి వెళ్లాను. సిలబస్ కాపీకి దరఖాస్తు ఇచ్చాను, పది రోజులన్నారు. లాగ్‌బుక్ 64 పేజీలు స్కాన్ చేయించాను. మూడు చోట్ల సంతకాలు లేవని అప్పుడే కనిపెట్టాను, ఆ యూనిట్లకి వెళ్లి రెండు పెట్టించుకున్నాను. మూడో సార్ సెలవులో ఉన్నారు, గురువారం వస్తారట.

కన్సల్టెన్సీ వాళ్లు మళ్లీ ఫోన్ చేశారు. ఈ డీపీటీతో ఎన్‌పీటీఈ రాయడానికి అర్హత వస్తుందని కాగితం మీద రాసి ఇస్తారా అని అడిగాను. మేనేజరుతో మాట్లాడి చెప్తామన్నారు. ఇంకా చెప్పలేదు.

భీమిలి ఆయన రేపు ఇంటికి వెళ్తున్నారు. పెదవాల్తేరు అన్నా, మీకు మెసేజ్ పెట్టాను, చూడండి.